24 ఫ్రేములు, 9 ఫ్రేములు



ఫిల్మ్‌నగర్‌లో కెమెరా పట్టినవాళ్లెవరినైనా సెకనుకు ఎన్ని ఫ్రేములని అడిగితే తడుముకోకుండా 24 అంటారు. మాటల సినిమా వచ్చినప్పటి నుంచీ అదే లెక్క. సెకనుకు 24 బొమ్మలు కదిలితే తెర మీది మనిషి మన కంటికి సహజంగా నడుస్తాడు. జూబ్లీహిల్స్ గుట్టల మీద స్టూడియోలు కట్టినా, కృష్ణానగర్ సందుల్లో కెమెరాలు అద్దెకిచ్చే కొట్లు వెలిసినా, ఎడిటింగ్ గదుల్లో రాత్రిళ్లు తెల్లవారినా ఆ 24 చుట్టూనే.

మరో రకం కెమెరా ఉంది. అది వెలుతురును కాకుండా వేడిని చూస్తుంది. దాన్ని థర్మల్ కెమెరా అంటారు. కరెంటు తీగల్లో ఎక్కడ అతుకు వేడెక్కిందో వెతికేవాళ్లు, పొగలో చిక్కుకున్న మనిషిని వెతికే అగ్నిమాపక సిబ్బంది దాన్ని వాడతారు. చీకట్లో శత్రువును గూఢచారి పసిగట్టే షాటు కోసం ఎప్పుడైనా ఒక దర్శకుడు కూడా అడుగుతాడు. బజారులో సులువుగా దొరికే ఈ కెమెరాల్లో చాలావాటి మీద 9 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అంటే సెకనుకు 9 ఫ్రేములు. బొమ్మ కుదుపులతో సాగుతుంది కాబట్టి సినిమాకు పనికిరాదు.

లోపం యంత్రంలో లేదు. అలాంటి సెన్సరుతోనే 30 ఫ్రేములూ 60 ఫ్రేములూ తీసే రకాలున్నాయి. కానీ అవి దేశం దాటాలంటే చాలాసార్లు ప్రభుత్వ లైసెన్సు కావాలి. 9 ఫ్రేములు దాటని రకానికి ఆ బాధ చాలావరకు ఉండదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. వేడెక్కిన తీగను చూడడానికి 9 ఫ్రేములు చాలు. చీకట్లో పరుగెత్తే మనిషి మీద, కదిలే వాహనం మీద గురి నిలపడానికి చాలవు. ఎక్కడో ఒక సమావేశ మందిరంలో కూర్చున్న అధికారులు, మామూలు పనికీ యుద్ధపు పనికీ మధ్య గీతను సరిగ్గా అక్కడ గీశారు.

దేశ భద్రతకు సంబంధించిన సాంకేతిక పరిజ్ఞానం ఎగుమతి మీద ప్రభుత్వాలు పెట్టే అదుపు అంటే ఇదే. తుపాకులు, బాంబుల సంగతి వేరు, వాటి మీద అదుపు ఉండాలని చెప్పేవాళ్లు అక్కర్లేదు. చిక్కంతా రెండు పనులకూ వచ్చే వస్తువులతోనే. వాటి జాబితాలు కూర్చే కూటముల్లో ముఖ్యమైనది వాసెనార్ ఒప్పందం. 1996లో మొదలైంది, నెదర్లాండ్స్‌లోని ఒక ఊరి పేరు మీద నడుస్తోంది, 42 దేశాలున్నాయి. అణు సరఫరాదారుల బృందం జాబితా వేరే ఉంది. స్లోమోషన్ లేనిదే హీరో అడుగుపెట్టని మన సినిమాకు ఆ జాబితాలో ఒక పద్దు ఆశ్చర్యం కలిగిస్తుంది. సెకనుకు 2,25,000 ఫ్రేములకు మించి తీసే కెమెరాలు అందులో ఉన్నాయి. మందుగుండు పేలే క్షణాన్ని ముక్కలు ముక్కలుగా చూడగలిగినవాడికి అణ్వస్త్రం రూపకల్పన సులువవుతుంది కనుక. వెయ్యి ఫ్రేముల్లో చినుకు రాలడం చిత్రించే కెమెరామన్‌కు ఆ హద్దు చాలా దూరం. అయినా ఆ యంత్రమూ ఈ యంత్రమూ ఒకే ఇంటివి.

ఈ నగరానికి ఈ సంగతి కొత్త కాదు. జూబ్లీహిల్స్ ఒక కొసన ఉంటే, సంతోష్‌నగర్ దాటాక మరో కొసన కంచన్‌బాగ్ ఉంది. 1962లో హైదరాబాదుకు వచ్చిన క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్, 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన మిశ్రధాతు నిగమ్, అంటే జనం మిధాని అని పిలిచే కర్మాగారం, అన్నీ అక్కడే. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచేనాటికి కంచన్‌బాగ్‌లో ప్రత్యేక ఉక్కు కోసం కొలిమి సిద్ధమవుతోంది. సినిమాకు మద్రాసు నుంచి యంత్రాలు, మనుషులు వచ్చారు. క్షిపణికి కావలసినవి మాత్రం డబ్బిస్తామన్నా రాలేదు.

1983 జులైలో అబ్దుల్ కలాం నాయకత్వంలో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1987 ఏప్రిల్‌లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం మీద అదుపు కోసం ఎంటీసీఆర్ అనే ఏర్పాటు చేసుకున్నాయి. అక్కడి నుంచి ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. రాడార్లకు కావలసిన ఫేజ్ షిఫ్టర్లు బయట దొరకలేదు, ఢిల్లీ ఐఐటీ వాటిని తయారు చేసింది. రాకెట్ మోటారు తొడుగుకు కావలసిన మారేజింగ్ ఉక్కును మిధాని పోతపోసింది, పీఎస్ఎల్‌వీ మొదటి దశ దానితోనే నిలబడింది. అంతరిక్షం నుంచి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు వేల డిగ్రీల వేడిని తట్టుకోవలసిన అగ్ని క్షిపణి కవచాన్ని కార్బన్ మిశ్రమంతో ఇక్కడివాళ్లే చేశారు. 1989 మే 22న ఆ క్షిపణి ఒడిశా తీరంలో చాందీపూర్ నుంచి ఎగిరింది.

ఆ కార్బన్ మిశ్రమం తర్వాత ఏమైందో చెప్పుకోవలసిన కథ. బంజారాహిల్స్ దిగితే పంజాగుట్ట, అక్కడ నిమ్స్ ఆసుపత్రి. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం కలాం అక్కడ చూశారు. క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. తన జీవితంలో మహదానందం కలిగించిన పనుల్లో దీన్ని ఆయన లెక్కపెట్టేవారు. ఎగుమతి జాబితాలు రాసేవాళ్లకు ఎంతకూ తెగని ప్రశ్న ఇక్కడే ఉంది. క్షిపణి ముక్కు మీదికి వెళ్లకుండా ఆపిన పదార్థం, పిల్లవాడి కాలికి చేరకుండా కూడా ఆగిపోతుంది.

ఆపడం వల్ల పని ఆగిందా అంటే ఆగలేదు. ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 'ఇవ్వనన్నారు, మనమే చేసుకున్నాం' అని గర్వంగా చెప్పుకునేటప్పుడు మధ్యలో కరిగిపోయిన ఏళ్లు లెక్కలోకి రావు. రష్యా నుంచి క్రయోజనిక్ ఇంజన్ల పరిజ్ఞానం తెచ్చుకోవాలని ఇస్రో ఒప్పందం చేసుకుంటే, 1992 మేలో అమెరికా ఇస్రో మీదా రష్యా సంస్థ మీదా ఆంక్షలు పెట్టింది. మరుసటి ఏడాది రష్యా వెనక్కి తగ్గి, పరిజ్ఞానం ఇవ్వం, తయారైన ఇంజన్లు మాత్రం అమ్ముతాం అంది. మన సొంత క్రయోజనిక్ దశతో జీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి విజయవంతంగా లేచింది 2014 జనవరి 5న. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆంక్షలు పెట్టినవారి దృష్టిలో అది వారి విజయమే.

1998 మేలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాక అమెరికా వాణిజ్య శాఖ ఎంటిటీ లిస్ట్ అనే జాబితాలోకి మన సంస్థలను వరసగా ఎక్కించింది. ఆ జాబితాలో పేరుంటే మామూలు కెపాసిటర్ అమ్మాలన్నా లైసెన్సు కావాలి. దాని పర్యవసానం ఎంత దూరం పోయిందో 2007లో తెలిసింది. సింగపూర్‌లోనూ అమెరికాలోనూ కార్యాలయాలున్న ఒక ఎలక్ట్రానిక్స్ వ్యాపారిని అమెరికాలో అరెస్టు చేశారు. లైసెన్సు లేకుండా, తప్పుడు పత్రాలతో చిప్పులు, కెపాసిటర్లు పంపాడన్నది అభియోగం. సరుకు చేరిన చోట్లలో తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం ఒకటి, మన కంచన్‌బాగ్ భారత్ డైనమిక్స్ మరొకటి. అతను 2008లో నేరం ఒప్పుకున్నాడు, 35 నెలల జైలుశిక్ష పడింది. విచిత్రమేమిటంటే అప్పటికే రెండు దేశాలూ అణు ఒప్పందం మీద సంతకాలకు సిద్ధమవుతున్నాయి. స్నేహం ఒక దారిన, జాబితా మరో దారిన నడిచాయి. 2011 జనవరిలో గానీ భారత్ డైనమిక్స్, డీఆర్‌డీఎల్, శ్రీహరికోట కేంద్రం వంటి తొమ్మిది సంస్థల పేర్లు అందులోంచి తీసెయ్యలేదు.

ఇక ఫిల్మ్‌నగర్ వైపు వద్దాం.

2021 ఆగస్టులో ఒక తెలుగు యూనిట్ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో దిగింది. మారీన్‌స్కీ భవనం, అంటే ఆ దేశాధ్యక్షుడి అధికార నివాసం ముందు పాట తీసింది. అది 'నాటు నాటు'. ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరి 24న, రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి వచ్చాయి. ఆ తర్వాతి నెలల్లో ప్రపంచం చూసిన దృశ్యాల్లో ఒకటి సినిమావాళ్లకు బాగా తెలిసిన వస్తువుది. పెళ్లి ఊరేగింపులనూ, పాటల్లో కొండలనూ చిత్రించే చిన్న డ్రోన్లను రెండు సైన్యాలూ ఫిరంగుల గురి చూడడానికి వాడాయి. వాటికి గ్రెనేడ్లు కట్టి కందకాల మీద వదిలాయి. ఏ ఆయుధ కర్మాగారంలోనూ తయారు కాని వస్తువు ఆయుధమైంది.

ఆ డ్రోన్లలో ఎక్కువ భాగం చైనా సంస్థ డీజేఐవి. ఆ సంస్థను అమెరికా 2020 డిసెంబరులోనే ఎంటిటీ లిస్ట్‌లో పెట్టింది. 2022 ఏప్రిల్‌లో రష్యాలోనూ ఉక్రెయిన్‌లోనూ తన వ్యాపారం ఆపేస్తున్నానని ఆ సంస్థే ప్రకటించింది. 2023 సెప్టెంబరు 1 నుంచి చైనా ప్రభుత్వమే కొన్ని రకాల డ్రోన్ల మీద, వాటికి బిగించే థర్మల్ కెమెరాల మీద ఎగుమతి అదుపు తెచ్చింది. థర్మల్ కెమెరా కటకాలకు మామూలు గాజు పనికిరాదు, అది వేడి కిరణాలను దాటనివ్వదు. అందుకే జెర్మేనియం అనే అర్ధలోహపు కటకం వాడతారు. ఆ జెర్మేనియం ఎగుమతిని కూడా చైనా 2023 ఆగస్టు నుంచి లైసెన్సు కిందికి తెచ్చింది. ఒకప్పుడు అమెరికా, దాని మిత్రులు మాత్రమే పట్టిన తాళంచెవి ఇప్పుడు చైనా దగ్గరా ఉంది.

మన దేశం తన తలుపు మరో వైపు నుంచి వేసింది. 2022 ఫిబ్రవరి 9న, అంటే యుద్ధానికి రెండు వారాల ముందు, పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు ఇచ్చింది, విడి భాగాలకు అడ్డు చెప్పలేదు. సొంత పరిశ్రమను పెంచాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ అద్దెకిచ్చే కొట్టువాడి దగ్గర ఉన్న పాత డ్రోను పాడైతే కొత్తది ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వులో జవాబు లేదు. ఇలా గీసిన ప్రతి గీత కిందా ఇలాంటి చిన్న మనిషి ఒకడు ఉంటాడు. ప్రభుత్వాలు అతని కోసం రెండు వాక్యాలు అదనంగా రాయవచ్చు, చాలాసార్లు రాయవు.

కెమెరా యుద్ధానికి వెళ్లిన కథ డ్రోన్లతో మొదలు కాలేదు. హెలికాప్టర్ ఎంత ఊగినా బొమ్మ కదలకుండా నిలిపే వెస్‌క్యామ్ అనే కెనడా కెమెరా ఉంది. సైనిక అవసరాల కోసం మొదలైన ఆ ఆలోచన సినిమాల్లో, ఆటల ప్రసారాల్లో పేరు తెచ్చుకుంది, తర్వాత మళ్లీ సైన్యాల వైపే వెళ్లింది. 2020 అక్టోబరులో కెనడా ప్రభుత్వం ఆ కెమెరాలు టర్కీకి పంపడం నిలిపేసింది. టర్కీ డ్రోన్లకు బిగించిన ఆ కళ్లు నాగోర్నో కరబాఖ్ యుద్ధంలో కనిపించడమే కారణం. విచారణ తర్వాత 2021 ఏప్రిల్‌లో అనుమతులు రద్దు చేసింది. ఆ యుద్ధానికి అమ్ముతున్నామని ఎవరూ చెప్పలేదు. టర్కీకి అమ్మారు, అక్కడి నుంచి అది ఆకాశంలోకి వెళ్లింది. అందుకే ఏ లైసెన్సులోనైనా అసలు ప్రాణం ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌లో ఉంటుంది, సరుకు చివరికి ఎవరి చేతికి, ఏ పనికి చేరుతుందో రాసిచ్చే ఆ కాగితంలో.

కెమెరా సంగతి ఇలా ఉంటే, కంప్యూటర్ సంగతి ఇంకా వేగంగా మారుతోంది. 'ఈగ' వచ్చింది 2012లో, 'బాహుబలి' మొదటి భాగం 2015లో, 'కల్కి 2898 ఏడీ' 2024లో. ఈ సినిమాల లోకాలన్నీ గ్రాఫిక్స్ కార్డుల మీద పుట్టాయి. అన్నపూర్ణ స్టూడియోలో క్యూబ్ సంస్థతో కలిసి కట్టిన వర్చువల్ ప్రొడక్షన్ వేదికలో ఎల్ఈడీ గోడ మీద కనిపించే అడవి, కెమెరా కదిలినప్పుడల్లా ఆ కార్డులు అప్పటికప్పుడు గీసేదే. ఒక బొమ్మలో లక్షల బిందువుల లెక్కలు ఒకేసారి చేసే ఆ చిప్పు కృత్రిమ మేధకూ కావాలి, ఆయుధ పరిశోధనకూ కావాలి. ఇలాంటి భయం పాతదే. 2000లో జపాన్ ప్రభుత్వం ప్లేస్టేషన్ 2 అనే పిల్లల ఆట యంత్రాన్ని కూడా, క్షిపణి మార్గదర్శకత్వానికి వాడవచ్చన్న అనుమానంతో, ఎగుమతి అదుపు కిందికి తెచ్చింది.

2022 అక్టోబరులో అమెరికా చైనాకు అత్యున్నత చిప్పులు అమ్మడాన్ని కట్టడి చేసింది. మరుసటి అక్టోబరులో ఆ వల పెద్దదయ్యి, ఆటగాళ్లూ గ్రాఫిక్స్ కళాకారులూ వాడే ఆర్‌టీఎక్స్ 4090 కార్డు కూడా చైనాకు సంబంధించి అందులో పడింది. 2025 జనవరిలో ప్రపంచమంతటికీ వర్తించే నియమం ఒకటి ప్రకటించారు. 18 మిత్ర దేశాలకు దాదాపు అడ్డు లేదు, చైనా వంటివాటికి తలుపు మూత, భారత్ మధ్య వరసలో, పెద్ద డేటా సెంటర్లకు పరిమితులతో. కొద్దిపాటి కొనుగోళ్లకు మినహాయింపు ఉండడం వల్ల జూబ్లీహిల్స్ స్టూడియోకు ఆ నియమం నేరుగా తగిలేది కాదు. తగిలితే క్లౌడ్‌లో రెండరింగ్ అద్దెకు తీసుకునేటప్పుడు, ఆ క్లౌడ్ యజమాని ద్వారా తగిలేది. అమల్లోకి రావలసిన గడువుకు రెండు రోజుల ముందు, 2025 మే 13న, కొత్త అమెరికా ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. నాలుగు నెలల్లో వచ్చి పోయిన నియమం అది. రెండేళ్లు పట్టే సినిమాకు బడ్జెట్ వేసుకునేవాళ్లకు ఇంత అస్థిరమైన నేల మంచిది కాదు.

విదేశాల్లో ప్రీమియర్ షోలు చూసే తెలుగువారికి మరో సంగతి. డల్లాస్ థియేటర్‌కు చేరే సినిమా కాపీకి గట్టి ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటుంది, సమయం వచ్చేదాకా తెరుచుకోదు. అలాంటి గట్టి తాళాలను అమెరికా 1996 చివరిదాకా ఆయుధాల జాబితాలో ఉంచింది. బయటికి పంపే సాఫ్ట్‌వేర్‌లో బలహీనమైన తాళాలే ఉండాలని పట్టుబట్టింది. తర్వాత ఆ గీత జరిగింది. ఇంటర్నెట్ వ్యాపారానికి అదే తాళం కావలసి వచ్చింది మరి.

ఇప్పుడు మన దేశం గీత ఇవతల నిలబడి ఆపించుకునే దేశం మాత్రమే కాదు. 2016 జూన్‌లో ఎంటీసీఆర్‌లో చేరింది, ఒకప్పుడు కంచన్‌బాగ్ దారులు మూసిన ఏర్పాటు అదే. 2017 డిసెంబరులో వాసెనార్‌లో, 2018 జనవరిలో ఆస్ట్రేలియా గ్రూపు అనే మరో అదుపు కూటమిలో చేరింది. మన సొంత జాబితా పేరు స్కోమెట్. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం, 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం దానికి వెన్నెముక. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ, దరఖాస్తు తీసుకుంటుంది, పలు మంత్రిత్వ శాఖల అధికారులు కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. థర్మల్ కెమెరాలు, ప్రత్యేక సెన్సర్లు, డ్రోన్లు, ఎన్‌క్రిప్షన్ పరికరాలు, అన్నిటికీ అందులో పద్దులున్నాయి. వస్తువే కాదు, నియంత్రిత పరిజ్ఞానం ఉన్న డ్రాయింగు ఈమెయిల్లో వెళ్లినా ఎగుమతే. చిన్న డ్రోన్ల విషయంలో 2023 జూన్‌లో కొంత సడలించారు. 25 కిలోమీటర్ల లోపు తిరిగేవి, 25 కిలోలకు మించి మొయ్యనివి పౌర అవసరాలకు పంపేటప్పుడు ప్రతిసారీ విడి లైసెన్సు అక్కర్లేకుండా ఒకే సాధారణ అనుమతి తీసుకుంటే చాలు.

కాగితం సరిగా లేకపోతే ఎంత దూరం పోతుందో నగరానికి ఈమధ్య మళ్లీ తెలిసింది. రష్యా యుద్ధ పరిశ్రమకు తోడ్పడ్డారన్న ఆరోపణతో 2024 అక్టోబరు 30న అమెరికా ఆంక్షలు పెట్టిన భారతీయ సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన ఒక యంత్ర పరికరాల తయారీ సంస్థ కూడా ఉంది. ఆరోపణలో నిజమెంతన్నది తేలేలోపే బ్యాంకులు, విదేశీ కొనుగోలుదారులు జాగ్రత్త పడతారు. జాబితాలో పేరు చేరడమే పెద్ద దెబ్బ.

సినిమావాళ్ల వ్యవహారంలో ఇది ఎక్కడ తగులుతుందంటే, విదేశీ షెడ్యూలు దగ్గర. పాట కోసం యూనిట్ బయల్దేరేటప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ కెమెరా పెట్టెలకు కార్నెట్ తీసుకుంటాడు. మన దేశంలో దాన్ని ఇచ్చేది ఫిక్కీ. సామాను మళ్లీ వెనక్కి తెస్తాం కాబట్టి అక్కడ కస్టమ్స్ సుంకం కట్టక్కర్లేదని దాని అర్థం. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కార్నెట్ సుంకానికి సంబంధించినది, స్కోమెట్ లైసెన్సుకు అది బదులు కాదు. మన చట్టం దృష్టిలో దేశం సరిహద్దు దాటించడమే ఎగుమతి, వారం రోజుల్లో తిరిగొచ్చినా సరే. పెట్టెలో 9 ఫ్రేములకు మించిన థర్మల్ కెమెరా ఉన్నా, ఎక్కువ దూరం పోయే డ్రోను ఉన్నా, శంషాబాద్ విమానాశ్రయం చేరేలోపే ఎవరో ఒకరు జాబితా తిరగెయ్యాలి. అద్దెకిచ్చే కొట్టు తన సామాను పట్టీలో ప్రతి పరికరం పక్కనా అది స్కోమెట్‌లో ఉందో లేదో రాసిపెట్టుకుంటే సగం పని తీరుతుంది. పరికరం అమ్మిన విదేశీ సంస్థను అడిగితే దాని ఎగుమతి వర్గీకరణ సంఖ్య చెబుతుంది. మిగతా సగం ప్రభుత్వానిది. వందల పేజీల ఆ జాబితాలో కెమెరాలు, డ్రోన్లు, ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన పద్దులను విడదీసి, సినిమా యూనిట్‌కు అర్థమయ్యే తెలుగులో నాలుగు పేజీలుగా అచ్చువేసి, ఫిల్మ్‌నగర్‌లోని తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ద్వారా పంచితే డీజీఎఫ్‌టీకి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే షూటింగ్ సీజనులోపే ఆ పని జరగాలి.